ఉబుంటులో ఫైల్‌జిల్లా: టెర్మినల్‌లో ఎక్కించడం, ఆనవాళ్లు లేకుండా తీసెయ్యడం

మన కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య ఫైళ్లు పంపుకునే ప్రోగ్రామ్ ఫైల్‌జిల్లా. దాని గురించి పాఠకులు తిప్పితిప్పి అడిగేవి రెండే ప్రశ్నలు. టెర్మినల్ నుంచి ఎలా ఎక్కించాలి? తీసేసి మళ్లీ ఎక్కిస్తే పాత సర్వర్ల పేర్లు పాస్‌వర్డ్‌లతో సహా ఎలా ప్రత్యక్షమవుతున్నాయి? మొదటిది ఐదు నిమిషాల పని. రెండోది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. అందుకే ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

2021లో ఫైర్‌ఫాక్స్ 90, క్రోమ్ 95 వెర్షన్లతో ఆ బ్రౌజర్లలోంచి ఎఫ్‌టీపీ (సర్వర్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పాత పద్ధతి) పూర్తిగా పోయింది. అప్పటిదాకా అడ్రస్ బార్‌లో సర్వర్ పేరు కొట్టి ఫైళ్లు దించుకున్నవాళ్లకి వేరే టూల్ తప్పనిసరైంది. ఫైల్‌జిల్లా 2001 నుంచీ ఉన్న ఉచిత ప్రోగ్రామ్. ఎఫ్‌టీపీ, దానికన్నా భద్రమైన ఎఫ్‌టీపీఎస్, ఎస్ఎఫ్‌టీపీ మూడింటితోనూ పనిచేస్తుంది. కింద చెప్పేవన్నీ ఉబుంటు కోసం. లినక్స్ మింట్, డెబియన్‌లలో కూడా దాదాపు ఇవే కమాండ్లు.

కమాండ్లు చదివే పద్ధతి

ఇక్కడి కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. కాపీ చేసి పేస్ట్ చెయ్యకండి. చదివి, ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో మీరే టైపు చెయ్యండి. చుక్క, గీత, ~, / లాంటి గుర్తులు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. మాటిమాటికీ వచ్చేవి ఇవి:

- సుడో: ఎస్, యు, డి, ఓ. కమాండ్‌ని అడ్మిన్ హక్కులతో నడిపేది.
- ఆప్ట్: ఎ, పి, టి. ప్రోగ్రామ్‌లని (ప్యాకేజీలని) ఎక్కించేది, తీసేసేది.
- డీపీకేజీ: డి, పి, కె, జి
- ఫైల్‌జిల్లా: ఎఫ్, ఐ, ఎల్, ఈ, జడ్, ఐ, ఎల్, ఎల్, ఎ. మధ్యలో ఖాళీ లేదు, పెద్దక్షరం లేదు.

ఏమేం కావాలి

- సుడో హక్కులున్న యూజర్ ఖాతా, దాని పాస్‌వర్డ్. ఆఫీసు లేదా కాలేజీ మెషీన్‌లో మీకు ఆ హక్కు లేకపోతే అడ్మిన్‌ని అడగడం తప్ప దగ్గరి దారి లేదు.
- ఇంటర్నెట్.
- మీరు కలవాల్సిన సర్వర్ వివరాలు: హోస్ట్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ లేదా కీ ఫైలు, పోర్ట్ నంబరు. ఎస్ఎఫ్‌టీపీకి మామూలుగా 22, ఎఫ్‌టీపీకి 21.
- ఇంగ్లిష్ కీబోర్డ్. తెలుగు టైపు చేసేవాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉండగా కమాండ్ కొడితే తెలుగు అక్షరాలు పడతాయి, వెంటనే తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ దగ్గర మాత్రం కొట్టిన అక్షరాలు తెరమీద కనిపించవు కాబట్టి, సరైన పాస్‌వర్డే కొడుతున్నా "సారీ, ట్రై అగైన్" అని వస్తూనే ఉంటుంది. సూపర్, స్పేస్ కీలు కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మార్చుకోండి.

ఇంకో మాట. ఏదో ఒకటి రెండు ఫైళ్లు పంపడానికే అయితే అసలు ఏమీ ఎక్కించక్కర్లేదు. ఎస్ఎఫ్‌టీపీ అనే కమాండ్ ఉబుంటులో ముందే ఉంటుంది:

    ఎస్ఎఫ్‌టీపీ యూజర్@సర్వర్

పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాక, పంపడానికి పుట్, తెచ్చుకోవడానికి గెట్, బయటికి రావడానికి బై. పుట్, గెట్ పక్కన ఫైలు పేరు ఉంటే చాలు. రోజూ వందల ఫైళ్లతో పని ఉన్నవాళ్లకి, రెండు వైపులా ఫోల్డర్లు కళ్లెదుట కనిపించాలనుకునేవాళ్లకి ఫైల్‌జిల్లా.

ఎక్కించడం

1. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కి టెర్మినల్ తెరవండి.

2. ముందు ప్యాకేజీల జాబితాని తాజా చెయ్యండి:

    సుడో ఆప్ట్ అప్‌డేట్

పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతున్నప్పుడు చుక్కలు కూడా పడకపోతే టెన్షన్ పడకండి, అది అలాగే ఉంటుంది. కొట్టి ఎంటర్ నొక్కండి. ఈ మెట్టుని చాలామంది దాటేస్తారు. జాబితా పాతదైతే సర్వర్లో ఇప్పుడు లేని ఫైలు కోసం వెతికి "404 నాట్ ఫౌండ్" అంటుంది.

3. ఇప్పుడు అసలు కమాండ్:

    సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైల్‌జిల్లా

ఏమేం దిగుతాయో, ఎంత చోటు పడుతుందో చూపించి వై లేదా ఎన్ అడుగుతుంది. జాబితాలో ఫైల్‌జిల్లా-కామన్ అనే ఇంకో ప్యాకేజీ, కొన్ని లైబ్రరీలు కూడా ఉంటాయి. అవన్నీ దానికి కావాల్సినవే. వై కొట్టి ఎంటర్ నొక్కండి.

4. ఎక్కిందో లేదో చూడండి:

    ఆప్ట్ పాలసీ ఫైల్‌జిల్లా

"ఇన్‌స్టాల్డ్" అన్న వరసలో వెర్షన్ నంబరు కనిపిస్తే ఎక్కినట్టే. అక్కడ "నన్" అని ఉంటే ఎక్కలేదు. దాని కింద "క్యాండిడేట్" వరసలో ఇంకా పెద్ద నంబరుంటే కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందని అర్థం.

5. తెరవడానికి టెర్మినల్‌లో ఫైల్‌జిల్లా అని కొట్టండి, లేదా మెనూలోంచి తెరవండి. ముందు సుడో మాత్రం పెట్టకండి. రూట్ (సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉన్న ఖాతా) హక్కులతో తెరిస్తే సెట్టింగులు రూట్ ఖాతాలోకి వెళ్లొచ్చు, దించిన ఫైళ్లు రూట్ పేరు మీద పడతాయి, తర్వాత వాటిని మీరే తెరవలేరు, మార్చలేరు.

నిజంగా పనిచేస్తోందా? ఒక పరీక్ష

మీ సొంత సర్వర్ మీద ప్రయోగాలు వద్దనుకుంటే, అందరికీ తెరిచి ఉంచిన ఒక పరీక్ష సర్వర్ ఉంది. పైన ఉన్న క్విక్‌కనెక్ట్ పట్టీలో ఇలా నింపండి:

- హోస్ట్: టెస్ట్.రెబెక్స్.నెట్ (రెబెక్స్ అంటే ఆర్, ఈ, బి, ఈ, ఎక్స్)
- యూజర్ పేరు: డెమో
- పాస్‌వర్డ్: పాస్‌వర్డ్ అన్న మాటే, ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో
- పోర్ట్: 22

మొదటిసారి "అన్‌నోన్ హోస్ట్ కీ" అని అడుగుతుంది. పరీక్ష సర్వర్‌కి ఓకే అనొచ్చు. మీ సొంత సర్వర్ దగ్గర మాత్రం అక్కడ కనిపించే ఫింగర్‌ప్రింట్‌ని (సర్వర్‌ని గుర్తుపట్టే అక్షరాల వరసని) హోస్టింగ్ వాళ్లు ఇచ్చినదానితో పోల్చి చూశాకే ఓకే చెప్పండి. కుడివైపు రీడ్‌మి అనే టెక్స్ట్ ఫైలు కనిపిస్తుంది. దానిమీద రెండుసార్లు క్లిక్ చేస్తే మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది. ఆ సర్వర్ చదవడానికే, మీ ఫైళ్లు ఎక్కించనివ్వదు. కాబట్టి అప్‌లోడ్‌లో "పర్మిషన్ డినైడ్" వస్తే మీ తప్పేమీ లేదు.

కనెక్ట్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌లు గుర్తుంచుకోవాలా అని ఒక పెట్టె తెరుచుకుంటుంది. ఇక్కడ ఆగండి. అందులో మూడు దారులున్నాయి: దాచు, దాచవద్దు, మాస్టర్ పాస్‌వర్డ్‌తో కాపాడి దాచు. ఎక్కువమంది కళ్లు మూసుకుని మొదటిది నొక్కేస్తారు. మూడోది ఎంచుకోండి. ఎందుకో తీసేసే భాగంలో తెలుస్తుంది. ఇప్పటికే మొదటిది నొక్కేసి ఉంటే ఎడిట్, సెట్టింగ్స్, ఇంటర్‌ఫేస్, పాస్‌వర్డ్స్ దగ్గరికి వెళ్లి మార్చుకోవచ్చు.

సర్వర్లో తెలుగు పేర్లున్న ఫైళ్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తే ఫైళ్లు పాడయ్యాయనుకోకండి. సైట్ మేనేజర్‌లో (సర్వర్ల వివరాలు దాచుకునే చోటు, ఫైల్ మెనూలో ఉంటుంది) ఆ సర్వర్‌ని ఎంచుకుని, క్యారెక్టర్ సెట్ ట్యాబ్‌లో "ఫోర్స్ యూటీఎఫ్-8" పెట్టి మళ్లీ కనెక్ట్ అవ్వండి. చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది.

తరచూ వచ్చే తప్పులు

*"అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్".* ముందు స్పెల్లింగ్ చూడండి. "ఎల్" రెండుసార్లు పడకపోవడం మామూలు. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంటే, ఫైల్‌జిల్లా ఉండేది ఉబుంటు వారి యూనివర్స్ భాండాగారంలో, అది మీ మెషీన్‌లో ఆఫ్‌లో ఉండొచ్చు:

    సుడో యాడ్-ఆప్ట్-రిపాజిటరీ యూనివర్స్
    సుడో ఆప్ట్ అప్‌డేట్

తర్వాత మళ్లీ ఇన్‌స్టాల్ కమాండ్.

*"కుడ్ నాట్ గెట్ లాక్".* వెనకాల ఇంకేదో ప్రోగ్రామ్ ప్యాకేజీల పని చేస్తోంది. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ఇది వస్తే చాలావరకు ఉబుంటు తనంతట తాను భద్రతా అప్‌డేట్లు ఎక్కించుకుంటూ ఉంటుంది. కాసేపు ఆగితే చాలు. లాక్ ఫైలుని డిలీట్ చెయ్యమని చెప్పే సలహాలు చాలా చోట్ల కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. పని మధ్యలో లాక్ తీసేస్తే ప్యాకేజీల లెక్కలు చెడిపోతాయి, అప్పుడు ఫైల్‌జిల్లా ఒక్కటే కాదు, ఏదీ ఎక్కదు. కరెంటు పోయి పని నిజంగానే మధ్యలో ఆగిపోతే, మెషీన్ మళ్లీ ఆన్ చేశాక వరసగా ఈ రెండూ:

    సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ
    సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

*అప్‌డేట్ చేశాక కూడా 404.* మీ ఉబుంటు వెర్షన్‌కి కాలం చెల్లి ఉండొచ్చు. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతున్నవి) కాని వెర్షన్లకి తొమ్మిది నెలలే మద్దతు ఉంటుంది, ఆ తర్వాత వాటి ఫైళ్లు మామూలు సర్వర్ నుంచి వేరే చోటికి వెళ్లిపోతాయి. ఏ వెర్షనో చూడాలంటే:

    ఎల్ఎస్‌బీ_రిలీజ్ -ఎ

కాలం చెల్లిందైతే ఫైల్‌జిల్లా సంగతి పక్కనపెట్టి ముందు ఉబుంటుని మార్చుకోవడం మంచిది.

*ఎక్కడినుంచో కాపీ చేసిన కమాండ్ పనిచెయ్యకపోవడం.* కొన్ని పేజీల్లో రెండు చిన్న గీతలు కలిసిపోయి ఒక పొడుగు గీతగా మారతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, టెర్మినల్‌కి మాత్రం అది వేరే అక్షరం. ముందున్న డాలర్ గుర్తుని కూడా కలిపి కాపీ చెయ్యడం ఇంకో పొరపాటు.

తీసెయ్యడం

ఆప్ట్ కమాండ్ ఏదైనా తొలగించేది ప్రోగ్రామ్‌నే. మీ హోమ్ ఫోల్డర్‌ని అది ముట్టుకోదు. రిమూవ్ చేసినా, దానికన్నా గట్టిదైన పర్జ్ చేసినా అంతే. అది సిస్టమ్ ఫోల్డర్లలోని సెట్టింగుల వరకే చూస్తుంది. మీ సర్వర్ల జాబితా, పాస్‌వర్డ్‌లు ఉండేది హోమ్ ఫోల్డర్‌లో. పాతవి మళ్లీ ప్రత్యక్షమయ్యేది ఇందుకే.

మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టకపోతే ఆ పాస్‌వర్డ్‌లు ఉండే తీరు ఒకసారి మీరే చూడండి. హోమ్‌లో .కాన్ఫిగ్, దానిలో ఫైల్‌జిల్లా, దానిలో సైట్‌మేనేజర్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే హోస్ట్ పేరు, పోర్ట్, యూజర్ పేరు మామూలుగా చదివేలా ఉంటాయి. వాటి దగ్గరే "పాస్" అన్న చోట అర్థం కాని అక్షరాల వరస, పక్కన "ఎన్‌కోడింగ్: బేస్64" అని ఉంటుంది. అది తాళం కాదు. రాసే పద్ధతి మార్చారంతే. ఉబుంటులోనే ఉన్న బేస్64 -డి అనే కమాండ్‌కి ఆ వరస ఇస్తే అసలు పాస్‌వర్డ్ బయటికి వస్తుంది. క్విక్‌కనెక్ట్‌తో కలిసిన సర్వర్ల వివరాలు రీసెంట్‌సర్వర్స్ అనే పక్క ఫైలులో ఉంటాయి. లాప్‌టాప్ అమ్మేటప్పుడు, ఆఫీసుకి తిరిగి ఇచ్చేటప్పుడు వీటిని వదిలేస్తే మీ క్లయింట్ల వెబ్‌సైట్ల తాళంచెవులు కూడా ఇచ్చేసినట్టే.

1. సర్వర్ల జాబితా తర్వాత కావాలనుకుంటే ఫైల్‌జిల్లాలో ఫైల్, ఎక్స్‌పోర్ట్ నొక్కి దాచుకోండి. ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లు కూడా వెళ్తాయి, కాబట్టి దాన్ని మెయిల్‌లో పంపకండి, సొంత పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. తర్వాత ఫైల్‌జిల్లాని పూర్తిగా మూసెయ్యండి. తెరిచి ఉంచి తీసేస్తే, మూసే సమయంలో సెట్టింగుల ఫైళ్లు మళ్లీ రాసేస్తుంది.

2. ప్రోగ్రామ్ తీసెయ్యండి:

    సుడో ఆప్ట్ పర్జ్ ఫైల్‌జిల్లా

పర్జ్ అంటే పి, యు, ఆర్, జి, ఈ. మళ్లీ ఎక్కించుకునే ఉద్దేశం ఉంటే పర్జ్ బదులు రిమూవ్ వాడండి.

3. దానితో పాటు వచ్చిన ఫైల్‌జిల్లా-కామన్, లైబ్రరీలు ఇంకా ఉంటాయి. వాటిని ఆటోరిమూవ్ తీస్తుంది. కానీ ఈ కమాండ్ మెషీన్‌లో ఎవరికీ అక్కర్లేదనుకున్న ప్యాకేజీలన్నీ తీస్తుంది, ఒక్క ఫైల్‌జిల్లావే కాదు. అందుకని ముందు ఉత్తుత్తి పరుగు పెట్టించండి:

    ఆప్ట్ -ఎస్ ఆటోరిమూవ్

ఏదీ తియ్యకుండా జాబితా మాత్రం చూపిస్తుంది. అందులో మీరు వాడుతున్న ప్రోగ్రామ్ పేరేదైనా కనిపిస్తే, దాని పేరుతో ఒకసారి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కొట్టండి, ఇక దాన్ని ముట్టుకోదు. అంతా సరే అనుకున్నాక:

    సుడో ఆప్ట్ ఆటోరిమూవ్

4. ఇప్పుడు హోమ్ ఫోల్డర్. ముందు ఏముందో చూడండి, తర్వాతే డిలీట్:

    ఎల్ఎస్ ~/.కాన్ఫిగ్/ఫైల్‌జిల్లా

ఎక్స్ఎంఎల్ ఫైళ్ల పేర్లు కనిపిస్తే దారి సరైనదే. పై బాణం కీ నొక్కి ఆ కమాండ్‌నే వెనక్కి తెచ్చుకుని, మొదట్లో ఉన్న ఎల్ఎస్‌ని మాత్రం మార్చండి:

    ఆర్ఎం -ఆర్ ~/.కాన్ఫిగ్/ఫైల్‌జిల్లా

దారి మొత్తం మళ్లీ టైపు చెయ్యొద్దని చెప్పడానికి కారణం ఉంది. ~ గుర్తు తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడితే మీ హోమ్ ఫోల్డర్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆర్ఎం తీసేసింది చెత్తబుట్టలోకి వెళ్లదు, తిరిగి రాదు. ఈ కమాండ్ అంటే భయమైతే ఫైల్స్ యాప్ తెరిచి, కంట్రోల్ హెచ్ నొక్కి, దాచిన ఫోల్డర్లు కనిపించాక .కాన్ఫిగ్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చెయ్యండి. ఆ తర్వాత చెత్తబుట్ట ఖాళీ చెయ్యడం మాత్రం మర్చిపోకండి.

ఒకే మెషీన్‌ని ఇద్దరు ముగ్గురు వాడుతుంటే ఒక్కొక్కరి హోమ్ ఫోల్డర్‌లోనూ ఇది విడిగా ఉంటుంది. ఎప్పుడైనా సుడో పెట్టి తెరిచి ఉంటే రూట్ హోమ్‌లోనూ చూడాలి:

    సుడో ఎల్ఎస్ /రూట్/.కాన్ఫిగ్

5. ఫైల్‌జిల్లాని వేరే దారిలో కూడా ఎక్కించి ఉండొచ్చు. తీసేశాక కూడా మెనూలో బొమ్మ కనిపిస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే. ఫ్లాట్‌ప్యాక్ (ఆప్ట్‌తో సంబంధం లేకుండా ప్రోగ్రామ్‌లు ఎక్కించే ఇంకో పద్ధతి) వాడేవాళ్లు ఫ్లాట్‌ప్యాక్ లిస్ట్ అని కొట్టి చూడండి. జాబితాలో ఉంటే:

    ఫ్లాట్‌ప్యాక్ అన్‌ఇన్‌స్టాల్ --డిలీట్-డేటా ఆర్గ్.ఫైల్‌జిల్లాప్రాజెక్ట్.ఫైల్‌జిల్లా

చివరి మాటలో మాత్రం ఎఫ్ పెద్దక్షరం. డిలీట్-డేటా లేకపోతే ఇక్కడా అదే కథ, ప్రోగ్రామ్ పోయి పాస్‌వర్డ్‌లు మిగులుతాయి. సైటు నుంచి టార్ ఫైలు దించుకుని విప్పుకున్నవాళ్లకి ఫైల్‌జిల్లా3 అనే ఫోల్డర్ ఉంటుంది, ఆ ఫోల్డర్‌ని డిలీట్ చేస్తే ప్రోగ్రామ్ పోతుంది. దాని సెట్టింగులు కూడా పైన చెప్పిన .కాన్ఫిగ్‌లోనే ఉంటాయి.

పూర్తిగా పోయిందా?

    ఆప్ట్ పాలసీ ఫైల్‌జిల్లా

ఇన్‌స్టాల్డ్ వరసలో "నన్" ఉండాలి. తర్వాత:

    ఫైండ్ ~ -ఐనేమ్ "*ఫైల్‌జిల్లా*"

ఇది హోమ్ ఫోల్డర్ అంతా గాలించి ఆ పేరున్న ప్రతి ఫైలూ చూపిస్తుంది. పేరులో పెద్దక్షరాలున్నా పట్టుకుంటుంది. ఎప్పుడో ఎక్స్‌పోర్ట్ చేసి డౌన్‌లోడ్స్‌లో వదిలేసిన ఫైలు, చెత్తబుట్టలో మిగిలిన ఫోల్డర్ ఎక్కువగా బయటపడేది ఇక్కడే. ఏమీ చూపించకుండా ప్రాంప్ట్ వెనక్కి వస్తే శుభ్రంగా ఉన్నట్టు.

తీసేసిన వెంటనే అదే టెర్మినల్‌లో ఫైల్‌జిల్లా అని కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" బదులు "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని రావొచ్చు. టెర్మినల్ పాత దారిని గుర్తుంచుకుంది, అంతకన్నా ఏమీ లేదు. మూసి మళ్లీ తెరిస్తే సరిపోతుంది.

ఫెడోరా వాడేవాళ్లకి ఎక్కించడానికి సుడో డీఎన్ఎఫ్ ఇన్‌స్టాల్ ఫైల్‌జిల్లా, తియ్యడానికి ఇన్‌స్టాల్ బదులు రిమూవ్. హోమ్ ఫోల్డర్ పని అక్కడా మీరే చెయ్యాలి.

ఇవన్నీ చెయ్యకుండానే మెషీన్ ఎవరికో ఇచ్చేసి ఉంటే దాన్ని వెనక్కి తెప్పించుకోవాల్సిన పని లేదు. మీరు కలిసిన సర్వర్లన్నిటి పాస్‌వర్డ్‌లూ మార్చెయ్యండి. ముందు క్లయింట్లవి, తర్వాత మీ సొంతవి. ఏయే సర్వర్లు వాడారో గుర్తుకు రాకపోతే హోస్టింగ్ ఖాతాలోకి వెళ్లి ఎఫ్‌టీపీ యూజర్ల జాబితా చూడండి, వాడుకలో లేని యూజర్లు కనిపిస్తే అక్కడికక్కడే తీసెయ్యండి. పాస్‌వర్డ్ బదులు కీ ఫైలు వాడుతుంటే, ఆ కీ ఫైలు కూడా పాత మెషీన్‌లోనే ఉంటుంది కాబట్టి, సర్వర్లో ఆ పాత కీని తొలగించి కొత్తది పెట్టుకోండి.